తెగిన వేలికి లెక్కుందా?

రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో రోజుకు ముగ్గురు చనిపోతున్నారు, పదకొండు మంది గాయపడుతున్నారు. ఇది 2017, 2020 మధ్య సర్కారు లెక్క. ముగ్గురి ప్రాణాలు పోయే చోట దెబ్బలు తగిలేది పదకొండు మందికేనా? ఆ అంకె ఎక్కడ పుడుతుందో, దారిలో ఎంత తరిగిపోతుందో చెప్పే కథనం.

2025 జూన్ 30. సంగారెడ్డి జిల్లా పాశమైలారం పారిశ్రామికవాడలోని సిగాచీ పరిశ్రమలో ఉదయం షిఫ్టు నడుస్తుండగా పేలుడు జరిగింది. భవనం కూలింది. ఆ క్షణం నుంచి అందరి నోటా ఒకటే ప్రశ్న: లోపల ఎంతమంది ఉన్నారు? బిహార్, ఉత్తరప్రదేశ్, ఒడిశాల నుంచి వచ్చి పనిచేస్తున్న వాళ్లు చాలామంది. అయినవాళ్లు ఫొటోలు పట్టుకుని గేటుకీ ఆసుపత్రికీ మధ్య తిరిగారు. డీఎన్‌ఏ పరీక్షలు చేస్తే తప్ప చాలా దేహాలు ఎవరివో తేలలేదు. మృతుల సంఖ్య పెరుగుతూ వచ్చి 46కు చేరింది. మరో ఎనిమిది మంది ఆనవాళ్లే దొరకలేదు. వాళ్లూ చనిపోయినట్టే భావించి మొత్తం 54 అన్నారు.

మంత్రులు, కలెక్టరు, సహాయక బృందాలు, టీవీ కెమెరాలు అన్నీ అక్కడే ఉన్నాయి. అయినా ఒక్క ఆవరణలో ఎంతమంది పోయారో తేలడానికి రోజులు పట్టింది. మరి ఏ కెమెరా లేని రాత్రి, ఏ ఆటోనగర్ షెడ్డులోనో ప్రెస్సు కింద ఒక కుర్రాడి వేలు నలిగితే? అది దేశం లెక్కలోకి రావాలంటే ఎన్ని చేతులు దాటాలి?

గాయానికి కాగితం పుట్టేదాకా

2025 నవంబరు దాకా దశాబ్దాలపాటు ఈ లెక్కకు ఆధారం 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం. అందులోని 88వ సెక్షన్ ప్రకారం ప్రమాదంలో ఎవరైనా చనిపోయినా, దెబ్బ తగిలి 48 గంటలు, అంతకు మించి పనిచేయలేకపోయినా ఫ్యాక్టరీ మేనేజరు అధికారులకు నోటీసు పంపాలి. మరణమైతే నెలలోగా విచారణ జరగాలి. ఈ నోటీసులు రాష్ట్ర ఫ్యాక్టరీల శాఖకు చేరతాయి. రాష్ట్రాలు ఏడాది లెక్క కట్టి ముంబయిలోని కేంద్ర సంస్థ డీజీఫాస్లీకి పంపుతాయి. ఫ్యాక్టరీలకు సంబంధించి డీజీఫాస్లీ సొంతంగా లెక్కించేదేమీ లేదు, రాష్ట్రాలు ఇచ్చింది కూడటమే. సిమ్లా, చండీగఢ్‌ల నుంచి పనిచేసే లేబర్ బ్యూరో కూడా వార్షిక రిటర్నుల ఆధారంగా విడిగా గణాంకాలు వేస్తుంది. సింగరేణి లాంటి గనుల లెక్క వేరు, అది ధన్‌బాద్‌లోని గనుల భద్రత డైరెక్టరేట్ జనరల్‌ది. రైల్వేది ఇంకో దారి.

ఈ వరస అంతటికీ మొదటి మెట్టు మేనేజరు రాసే నోటీసు. ప్రమాదం జరిగితే ఎవరిమీద కేసు పడే అవకాశం ఉందో, ఆ ప్రమాదం జరిగిందని చెప్పాల్సిందీ ఆయనే. ఈ ఒక్క మెలిక అర్థమైతే మిగతా కథంతా అర్థమైనట్టే.

పారిశ్రామికవాడల్లో ఎవరిని కదిపినా చెప్పే వరస ఒకటుంది. నైట్ షిఫ్టులో వేలు తెగుతుంది. సూపర్‌వైజరు బైకు మీద ఎక్కించుకుని దగ్గర్లోని నర్సింగ్‌హోమ్‌కు తీసుకెళ్తాడు. ఈఎస్‌ఐ ఆసుపత్రికి వెళ్తే యజమాని ప్రమాద నివేదిక నింపాలి. పెద్దాసుపత్రికి వెళ్తే మెడికో లీగల్ కేసు రాస్తారు, పోలీసులకు కబురు వెళ్తుంది. నర్సింగ్‌హోమ్‌లో అయితే డబ్బు కడితే సరిపోతుంది. ‘ఇంటి దగ్గర తలుపు సందులో పడింది’ అని రాయించమంటారు. బిల్లు కంపెనీ కడుతుంది, చేతిలో కొంత పెడుతుంది. కట్టు విప్పేలోగా ఆ కుర్రాడు ఊరెళ్లిపోతాడు. గేటు దగ్గరి బోర్డు మీద ‘ప్రమాదం లేని రోజులు’ అన్న అంకె మాత్రం మర్నాడు ఒకటి పెరుగుతుంది.

అదే గాయం సరైన దారిలో వెళ్తే ఏమవుతుందో చూడండి. 2025 దాకా అమల్లో ఉన్న 1923 నాటి పరిహార చట్టం షెడ్యూలులో మనిషి చేయి ఎముకల వారీగా రాసి ఉంది. బొటనవేలు పోతే సంపాదించే శక్తిలో 30 శాతం నష్టం. చూపుడువేలు మొత్తం పోతే 14 శాతం, రెండు కణుపులైతే 11, ఒక కణుపైతే 9. ఎముక పోకుండా కొస మాత్రమే తెగితే 5. మధ్యవేలు 12, ఉంగరపు వేలైనా చిటికెన వేలైనా 7. ఒక చేతి నాలుగు వేళ్లూ పోతే 50. వందేళ్ల కిందటి చట్టం కణుపు కణుపుకీ లెక్క కట్టి పెట్టింది. ఒక ఏడాదిలో దేశంలో ఎన్ని చూపుడువేళ్లు పోయాయని అడిగితే మాత్రం జవాబు చెప్పే చోటు లేదు.

గురుగ్రామ్, మానేసర్ ప్రాంతాల్లో వాహన విడిభాగాల ఫ్యాక్టరీల్లో చేతులు పోగొట్టుకున్న వాళ్లకు సాయపడే సేఫ్ ఇన్ ఇండియా అనే స్వచ్ఛంద సంస్థ 2019 నుంచి ‘క్రష్డ్’ పేరుతో నివేదికలు వేస్తోంది. వేళ్లు పోయేది ఎక్కువగా పవర్ ప్రెస్సుల మీదేనని, చాలామందికి ప్రమాదం జరిగాకే ఈఎస్‌ఐ కార్డు చేతికి వచ్చిందని ఆ నివేదికలు చూపించాయి. హరియాణా మొత్తానికి సర్కారు చూపిన గాయాలకన్నా ఈ ఒక్క సంస్థ దగ్గరికి వచ్చిన క్షతగాత్రులే ఎక్కువని కూడా తేల్చాయి.

ఉదయం తొమ్మిది నుంచి 48 గంటల దాకా

ఏ దెబ్బను లెక్కించాలి, దేన్ని వదిలేయాలి అన్నది ఫ్యాక్టరీలంత పాత పేచీ. బ్రిటన్‌లో 1844 నాటి ఫ్యాక్టరీ చట్టం ఒక గీత గీసింది: దెబ్బ తిన్న మనిషి మర్నాడు ఉదయం తొమ్మిదింటికి పనిలోకి రాలేకపోతే ఆ ప్రమాదాన్ని తెలియజేయాలి. ఇప్పుడు అదే బ్రిటన్‌లో ఆ గీత ఏడు రోజులకు మించి మామూలు పని చేయలేకపోవడం. ఐరోపా గణాంకాలకు మూడు రోజులు దాటాలి. మనకు 48 గంటలు.

గీత ఎక్కడ గీసినా, దాన్ని దాటకుండా చూసుకునే ఉపాయాలు పుడతాయి. చేతికి కట్టుతో ఉన్న మనిషిని మర్నాడు పిలిపించి స్టోర్ రూమ్‌లో కుర్చీ వేసి కూర్చోబెడతారు. హాజరు పడింది కాబట్టి పనికి వచ్చినట్టే, అంటే 48 గంటలు కానట్టే. నెలాఖరుకు భద్రత బహుమతి ఉన్న చోట ఈ ఉపాయానికి తోటి కార్మికుల ఒత్తిడి కూడా తోడవుతుంది. ఒక్కడి పేరు రిజిస్టరులో పడితే లైను మొత్తానికీ బహుమతి పోతుంది మరి.

పనిలో తగిలిన దెబ్బతో రెండు నెలల తర్వాత ఆసుపత్రిలో కన్నుమూస్తే అది గాయమా, మరణమా? అంతర్జాతీయ కార్మిక గణాంక నిపుణుల 16వ సమావేశం 1998లో దీనికి జవాబిచ్చింది: ప్రమాదం జరిగిన ఏడాదిలోగా ఆ దెబ్బతో చనిపోతే పని ప్రదేశ మరణంగానే లెక్కించాలి. అలా జరగాలంటే ఆ మనిషి వెంట ఏడాదిపాటు ఎవరో ఒకరి చూపు ఉండాలి. ఊరికి వెళ్లిపోయిన కాంట్రాక్టు కార్మికుడి విషయంలో ఆ చూపు ఎవరిది?

నూరు, యాభై, ఇరవై, పది... మళ్లీ ఇరవై

దెబ్బకు ఉన్నట్టే ఫ్యాక్టరీకీ ఒక గడప ఉంది. అది దాటితేనే లోపలి ప్రమాదం లెక్కకు వస్తుంది. మన దేశంలో తొలి ఫ్యాక్టరీల చట్టం 1881లో వచ్చినప్పుడు నూరుమంది పనివాళ్లున్న చోటే ఫ్యాక్టరీ. 1891లో ఆ సంఖ్యను యాభైకి, 1922లో ఇరవైకి దించారు. స్వాతంత్ర్యం వచ్చాక 1948 చట్టం పదికి దించింది. కరెంటు వాడని చోట ఇరవై. అంటే దాదాపు డెబ్బై ఏళ్లపాటు గడప దిగుతూ వచ్చింది, దిగినకొద్దీ మరికొందరు కార్మికులు లెక్కలోకి వచ్చారు.

2025 నవంబరు 21న ఆ చట్టం స్థానంలో అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ ఆ గడపను మళ్లీ ఎత్తింది. కరెంటుతో నడిచే చోట ఇరవై మంది, లేని చోట నలభై మంది ఉంటేనే ఇప్పుడు ఫ్యాక్టరీ. అయితే ఇంకో మాటా చెప్పుకోవాలి. పదిమంది, ఆపైన పనిచేసే సంస్థలన్నిటినీ ఈ కోడ్ తన కిందకు తెచ్చింది. ప్రమాదం జరిగితే నోటీసు పంపాల్సిన బాధ్యత ఇప్పుడు గోదాములకూ, వర్క్‌షాపులకూ, రవాణా సంస్థలకూ ఉంది. కాగితం మీద చూస్తే వల పెద్దదే. ఇన్నాళ్లూ చిమ్నీలున్న చోట తిరిగిన కొద్దిపాటి ఇన్‌స్పెక్టర్లే ఇప్పుడు ‘ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్లు’ అయ్యారు. వాళ్లు ఆ వలను ఎంత దూరం లాగగలరన్నది రాబోయే గణాంకాలే చెప్పాలి.

అంకెలే అంకెలను పట్టిస్తాయి

దాచిన గాయాలను పట్టుకునే తేలిక పద్ధతి ఒకటుంది. మరణాల పక్కన గాయాలను పెట్టి చూడటమే. శవాన్ని దాచడం కష్టం. పోలీసులు వస్తారు, పోస్టుమార్టం జరుగుతుంది, కుటుంబం నిలదీస్తుంది. వేలు పోయిన సంగతి దాచడం సులువు. కాబట్టి నమ్మదగిన లెక్కలో ఒక మరణానికి వందల గాయాలు కనిపించాలి.

మన లెక్క చూద్దాం. ఇండియాస్పెండ్ వార్తాసంస్థ సమాచార హక్కు కింద డీజీఫాస్లీ నుంచి రాబట్టిన వివరాల ప్రకారం 2017, 2020 మధ్య రిజిస్టరైన ఫ్యాక్టరీల్లో ఏటా సగటున 1,109 మంది చనిపోయారు, నాలుగు వేల పైచిలుకు మంది గాయపడ్డారు. ఒక మరణానికి నాలుగు గాయాలన్నమాట.

బ్రిటన్‌లో 2023-24లో పనిలో చనిపోయినవారు 138 మంది. యజమానులు చట్ట ప్రకారం తెలియజేసిన గాయాలు 61,663. ఒక మరణానికి నాలుగు వందల నలభైకి పైగా. మనది 48 గంటల గీత, వాళ్లది ఏడు రోజుల గీత అన్న సంగతి మరవకూడదు. చిన్న దెబ్బలను కూడా లెక్కించే మన పట్టికలోనే గాయాలు ఎక్కువ కనపడాలి, ఉన్నది దానికి తలకిందులుగా. బ్రిటన్ నిష్పత్తినే మన 1,109 మరణాలకు వేస్తే ఏటా దాదాపు ఐదు లక్షల గాయాలు తేలతాయి. రెండు దేశాల పరిశ్రమలు ఒకలాంటివి కావు కాబట్టి ఇది అంచనా కాదు. మన రిజిస్టర్లు ఎంత ఖాళీగా ఉన్నాయో చూపే కొలబద్ద మాత్రమే.

బ్రిటన్ అక్కడితో ఆగలేదు. యజమానులు అన్నీ చెప్పరని అక్కడి అధికారులకు తెలుసు. అందుకే ఇంటింటి కార్మిక సర్వేలో ‘గడిచిన పన్నెండు నెలల్లో పనిలో దెబ్బ తగిలిందా?’ అని కార్మికుడినే అడుగుతారు. అదే ఏడాది ఆ సర్వేలో తేలిన గాయాలు 6,04,000. సర్వే చిన్న దెబ్బలనూ పట్టుకుంటుంది కనుక తేడా కొంత సహజం. యజమాని చెప్పిన సంఖ్యనూ కార్మికుడు చెప్పిన సంఖ్యనూ సర్కారే పక్కపక్కన అచ్చువేయడం అసలు విశేషం.

లెక్క బయట చనిపోయేవాళ్లు

ఇప్పటిదాకా చెప్పుకున్నదంతా ఫ్యాక్టరీ గోడల లోపలి సంగతి. దేశంలో పనిచేసేవాళ్లలో ఎక్కువమంది ఆ గోడల బయటే ఉన్నారు. అపార్ట్‌మెంటు సారవ మీంచి జారిపడిన మేస్త్రీ, వరికోత యంత్రంలో చేయి పడిన కూలీ, పురుగుమందు కొడుతూ సొమ్మసిల్లిన రైతు, మ్యాన్‌హోల్‌లోకి దిగి ఊపిరాడక పోయిన పారిశుద్ధ్య కార్మికుడు డీజీఫాస్లీ పట్టికలో కనిపించరు. కొందరు పోలీసు రికార్డుల ద్వారా జాతీయ నేర గణాంకాల సంస్థ ప్రమాద మరణాల పుస్తకంలోకి వెళ్తారు. ఆ పుస్తకం అడిగేది ఎలా పోయారని, ఎవరి పనిలో పోయారని కాదు.

రోడ్డునే తీసుకోండి. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రవాణా శాఖ లెక్క. అందులో లోడుతో వెళ్తున్న లారీ డ్రైవర్లున్నారు, క్లీనర్లున్నారు, తిండి పొట్లాలు మోసే డెలివరీ కుర్రాళ్లున్నారు. వాళ్లకు రోడ్డే ఫ్యాక్టరీ. అమెరికా గణాంకాల్లో అలాంటి మరణం పని మరణమే. 2023లో అక్కడ నమోదైన 5,283 పని మరణాల్లో మూడో వంతుకు పైగా రవాణా ప్రమాదాలే. మన దగ్గర ఆ శవం రోడ్డు లెక్కలో చేరి, పని లెక్కలోంచి మాయమవుతుంది.

గోడ అవతల ఉండేవాళ్ల సంగతి మరీ విచిత్రం. 2020 మే 7న విశాఖ ఎల్‌జీ పాలిమర్స్ నుంచి స్టైరీన్ ఆవిరి చుట్టుపక్కల పల్లెల మీదికి కమ్ముకుంది. పన్నెండు మంది పోయారు. ఆర్‌ఆర్ వెంకటాపురం చుట్టుపక్కల ఇళ్లలో నిద్రపోతున్న జనానికి తెల్లవారక ముందే తగిలిన దెబ్బ అది. వాళ్లు కార్మికులు కారు, కాబట్టి కార్మికుల గాయాల గణాంకానికి అది పట్టదు. ఒక ప్లాంటు ఎంత ప్రమాదకరమో చెప్పాల్సిన అంకె, ఆ ప్లాంటు చేసిన అతి పెద్ద చేటును చూడనే చూడదు.

ఇక నెమ్మదిగా చంపే జబ్బులు. ప్రపంచంలో ఏటా 29.3 లక్షల మంది పని కారణంగా చనిపోతున్నారని అంతర్జాతీయ కార్మిక సంస్థ అంచనా. అందులో ప్రమాదాల వాటా 3.3 లక్షలే. మిగతా 26 లక్షలూ జబ్బులు. మన పాత ఫ్యాక్టరీల చట్టం మూడో షెడ్యూలులో సీసం విషం, సిలికోసిస్, ఆస్బెస్టోసిస్, పత్తిమిల్లుల బిస్సినోసిస్ నుంచి చప్పుడు వల్ల వచ్చే చెవుడు దాకా 29 జబ్బులుండేవి. వాటిలో ఏది కనిపించినా వైద్యుడు కూడా అధికారులకు తెలియజేయాలని 89వ సెక్షన్ చెప్పేది. కానీ రాళ్ల క్రషర్‌లో పదేళ్లు దుమ్ము పీల్చినవాడు దగ్గుతూ వస్తే డాక్టరుకు ముందు తట్టేది టీబీ. ‘ఏం పని చేశావు?’ అన్న ఒక్క ప్రశ్న అడగకపోతే ఆ రోగి సిలికోసిస్ లెక్కలోకి జన్మలో రాడు.

రాజస్థాన్ అనుభవం ఇక్కడ పనికొస్తుంది. 2019లో ఆ రాష్ట్రం ఊపిరితిత్తుల ధూళి జబ్బులపై విధానం తెచ్చింది. జబ్బు నిర్ధారణైతే మూడు లక్షలు, మరణిస్తే కుటుంబానికి మరో రెండు లక్షలు సాయం అంది. కార్మికుడే దరఖాస్తు పెట్టుకునే వీలు కల్పించింది. వేల సంఖ్యలో సిలికోసిస్ రోగులు బయటపడ్డారు. లెక్కకు వచ్చినందుకు మేలు జరుగుతుందంటే జనమే లెక్క చెప్పుకుంటారు.

అంకె కనిపిస్తే అడగాల్సిన అయిదు

1. ఎవరు చెప్పిన లెక్క? యజమానా, ఆసుపత్రా, కార్మికుడా?
2. ఎవరిని కలిపారు? కాంట్రాక్టు కార్మికులు, సొంతంగా పనిచేసుకునేవాళ్లు ఉన్నారా?
3. ఎన్ని గంటలు, ఎన్ని రోజులు పని తప్పితే గాయం అంటున్నారు?
4. ఎంతమందిలో ఇంతమంది? లక్షమంది కార్మికులకు ఎందరు, లేదా పది లక్షల పని గంటలకు ఎన్ని అన్నది లేకపోతే రెండు రాష్ట్రాలను పోల్చలేం.
5. ఒక మరణానికి ఎన్ని గాయాలు చూపారు?

దోహా ఆసుపత్రి, వాషింగ్టన్ దస్త్రం

లెక్క మార్చాలంటే లెక్క పుట్టే చోటు మార్చాలి. అందుకు రెండు దారులు కళ్లముందున్నాయి.

ఒకటి ఖతార్‌ది. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ పల్లెల నుంచి మనవాళ్లు గల్ఫ్ బాట పట్టడం కొత్తేమీ కాదు. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2021లో ఖతార్ మీద ఒక నివేదిక వేసింది. కంపెనీలను అడిగి ఊరుకోకుండా, ఆసుపత్రి ట్రామా కేంద్రం, అంబులెన్సు సేవల రికార్డులను దగ్గరపెట్టి కూడింది. 2020 ఒక్క ఏడాదిలో 50 పని మరణాలు, 506 తీవ్ర గాయాలు, 37,600 స్వల్ప, ఓ మోస్తరు గాయాలు తేలాయి. మరణానికి ఏడు వందల యాభైకి పైగా గాయాలు. దెబ్బతిన్నవాడు మేనేజరు టేబుల్ దాకా వెళ్లకపోవచ్చు గానీ, ఆసుపత్రి తలుపు తట్టక తప్పదు. ఆరోగ్యంగా ఉన్న కుర్రాళ్లు ఉన్నట్టుండి చనిపోతే సరైన విచారణ లేకుండా సహజ మరణంగా తేల్చేస్తున్నారన్న లోటును కూడా ఆ నివేదికే ఎత్తి చూపింది. పెట్టెలో వచ్చిన కొడుకు ఎందుకు పోయాడో తెలియని తెలంగాణ కుటుంబాలకు ఆ మాట విలువ తెలుసు.

రెండోది అమెరికాది. 1980లలో అక్కడ కూడా ఏటా ఎందరు కార్మికులు చనిపోతున్నారో ఒక్కో సంస్థ ఒక్కో అంకె చెప్పేది. నేషనల్ అకాడమీ ఆఫ్ సైన్సెస్ 1987లో ఈ గందరగోళాన్ని ఎండగట్టింది. దాంతో 1992 నుంచి దేశమంతటికీ ఒకే మరణాల గణన మొదలైంది. మరణ ధ్రువపత్రం, పరిహార దస్త్రం, పోలీసు నివేదిక, తనిఖీ నివేదిక, పత్రిక వార్త దేన్నైనా పరిశీలిస్తారు. ఒక మరణం పని మరణమని రాయాలంటే వీలైనంతవరకూ రెండు వేర్వేరు ఆధారాలు కలవాలి. ఏ ఒక్కరి నోటీసు మీదా లెక్క ఆధారపడదు కాబట్టి ఏ ఒక్కరూ దాన్ని చెరిపేయలేరు.

మనకు కావాల్సిన ముక్కలన్నీ మన దగ్గరే ఉన్నాయి. ఈఎస్‌ఐ దగ్గర అంగవైకల్య పింఛన్ల రికార్డు ఉంది. ఆరోగ్యశ్రీ ఆసుపత్రుల్లో తెగిన చేతుల శస్త్రచికిత్సల బిల్లులున్నాయి. ఠాణాల్లో మెడికో లీగల్ కేసుల కాగితాలున్నాయి. పరిహార కమిషనర్ల దగ్గర క్లెయిములున్నాయి. నెలకోసారి వీటిని ఫ్యాక్టరీల శాఖ రిజిస్టరుతో సరిచూస్తే ఏ నోటీసు రాలేదో ఇట్టే తెలుస్తుంది. జాతీయ కార్మిక సర్వేలో ‘పనిలో దెబ్బ తగిలిందా?’ అన్న ప్రశ్న ఒక్కటి చేరిస్తే ఫ్యాక్టరీ గోడల బయటివాళ్లూ కనపడతారు. కాంట్రాక్టరు కింద ఉన్నవాళ్లతో సహా రోజూ లోపల ఎవరెవరున్నారన్న జాబితా గేటు బయట కూడా భద్రంగా ఉంటే, రేపు ఇంకో పాశమైలారంలో లోపల ఎంతమంది ఉన్నారని ఎవరూ వెతుక్కోనక్కర్లేదు.

ఒక చిక్కు మాత్రం మిగులుతుంది, అది మన చేతిలోనే ఉంది. నిజాయతీగా లెక్కించడం మొదలుపెట్టిన రాష్ట్రంలో తొలి ఏడాది గాయాలు పది రెట్లు పెరిగినట్టు కనిపిస్తాయి. ప్రతిపక్షం ప్రభుత్వాన్ని దులుపుతుంది, పత్రికలు పతాక శీర్షికలు పెడతాయి, పెట్టుబడులు పారిపోతాయని ఎవరో అంటారు. పక్క రాష్ట్రం తన సున్నాలు చూపించి భుజాలు చరుచుకుంటుంది. ఆ భయంతోనే ఏ మంత్రీ ఈ పనికి పూనుకోడు. కాబట్టి ‘గాయాలు పెరిగాయి’ అన్న వార్త వచ్చిన రోజున ముందు మరణాల గడి చూద్దాం. మరణాలు తగ్గి గాయాలు పెరిగితే అక్కడ ఎవరో పని మొదలుపెట్టారని అర్థం. వాళ్లను నిలదీయక్కర్లేదు. నిలదీయాల్సింది సున్నా చూపినవాళ్లను.